కేసుంటే టికెట్, లేకుంటే గేట్!

చర్లపల్లి జైల్లో బేకరీ పని నేర్చి, శిక్ష ముగించుకొచ్చినవాడు హబ్సిగూడలో చిన్న కొట్టు పెడదామనుకున్నాడనుకోండి.

లోపల చేసిన బిస్కెట్‌కు జైళ్లశాఖ 'మై నేషన్' ముద్ర. లొట్టలేసుకుని తింటాం.
అదే చేత్తో బయట చేస్తే... "ఏం కలిపిండో!"

షట్టర్ ఓనరు అడిగాడు: "ఇన్ని దినాలు ఎక్కడున్నవ్ బాబూ?"
"గవర్నమెంటు క్వార్టర్ల సార్."
అడ్వాన్సు దాకా వచ్చిన బేరం అడ్రస్ ప్రూఫ్ దగ్గర చెడింది.

బ్యాంకువాళ్లు పూచీదారుణ్ని తెమ్మన్నారు. బాగా తెలిసినవాళ్లంతా ఇంకా లోపలే ఉన్నారాయె!

సంగారెడ్డిలో 1796 నాటి జైలు ఉంది, దాన్ని మ్యూజియం చేశారు. 2016లో అక్కడ 'ఫీల్ ద జైల్' అనే పథకం పెట్టారు. అప్పట్లో 500 రూపాయలు కట్టి ఒక్కరోజు ఉన్నవాడు సెల్ఫీ దిగి గొప్పలు పోవచ్చు. ఉచితంగా ఏళ్లతరబడి ఉన్నవాడే నోరు మూసుకోవాలి.

కేసు నడుస్తున్నవాడు ఎన్నికల్లో నిలబడొచ్చు, చట్టం అడ్డురాదు.
కేసు ముగిసినవాడు తార్నాక చౌరస్తాలో బండి పక్కన నిలబడాలంటే మాత్రం గుణగణాల విచారణ!

ఓటు సంగతి మీ ఇష్టం. బిస్కెట్ మాత్రం ఒకటి కొని చూడండి.