తువ్వాలు చాటు కొవ్వొత్తి

మిర్చి బజ్జీలు తినేశాక పొట్లం విప్పి, నూనె మరకల మధ్య మిగిలిన అక్షరాలు చదవడం మనలో చాలామందికి అలవాటే. 1894లో పని వెతుక్కుంటూ లండన్ చేరిన ఒక కొట్టు అమ్మాయి కూడా అదే చేసింది. ఒక పెన్నీ పెట్టి వేయించిన చేప, బంగాళాదుంప ముక్కలు కొనుక్కుంది. పొట్లం కట్టిన పాత పేపర్లో ఒక ఉత్తరం కనిపించింది. షాపుల్లో పనిచేసేవాళ్లంతా యూనియన్లో చేరండని సంఘం కార్యదర్శి రాసిన ఉత్తరం. చదివింది, వెళ్లి చేరింది.

చేరక ఏం చేస్తుంది? పద్నాలుగో ఏటే కౌంటర్ వెనక నిలబడిన పిల్ల. వారానికి దాదాపు 65 గంటల చాకిరీ, ఏడాది మొత్తానికి 15 నుంచి 25 పౌండ్ల జీతం. తిండి యజమాని పెట్టిందే, పడక యజమాని చూపించిందే. రాత్రి దీపాలార్పాక మళ్లీ వెలుగు కనబడితే జరిమానా. పెళ్లి చేసుకుంటే చాలాచోట్ల ఉద్యోగానికే నీళ్లొదులుకోవాలి.

అలాంటి గదిలో, తోటి అమ్మాయిలు నిద్రపోయేదాకా కాచుకుని, అర పెన్నీ కొవ్వొత్తి వెలిగించేది. వెలుగు బయటపడకుండా కుర్చీ వీపు మీద తువ్వాలు వేసేది. ఆ చాటున కూర్చుని యూనియన్ పత్రికకు కొట్టు పిల్లల కష్టాలు రాసేది. సొంత పేరు పెడితే మర్నాడే వీధిన పడుతుంది కనుక 'గ్రేస్ డేర్' అని సంతకం. ఆ తువ్వాలు తలచుకుంటే నాకిప్పటికీ గుండె బరువెక్కుతుంది. 1896 నుంచి రెండేళ్లు ఇంకా తెగించింది. విమెన్స్ ఇండస్ట్రియల్ కౌన్సిల్ తరఫున ఒక షాపు మాని ఇంకో షాపులో చేరుతూ, లోపల జరిగేదంతా గుట్టుగా రాసి పెట్టింది.

1898లో యూనియన్ సహాయ కార్యదర్శి అయింది. మరుసటి ఏడు ప్లిమత్‌లో జరిగిన ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌లో ప్రతినిధులందరిలో ఆడమనిషి ఆమె ఒక్కతే. యూనియన్ పనే ఆమెను సోషలిస్టుల వైపు నడిపింది. ఇండిపెండెంట్ లేబర్ పార్టీ వేదికలెక్కి ఊరూరా మాట్లాడింది. 1923 డిసెంబరులో పార్లమెంటుకు గెలిచింది. ఓటే లేని రోజుల నుంచి ఆడవాళ్లు అంతదాకా వచ్చారు.

1931కి వద్దాం. బ్రిటన్‌లో నిరుద్యోగులు 25 లక్షలు దాటారు. భృతి నిధి అప్పుల్లో మునిగింది. లేబర్ ప్రభుత్వం మీద ఒత్తిడి మామూలుగా లేదు, అది ఒప్పుకోవాలి. అయినా కోత ముందుగా ఎవరి మీద పడిందో చూస్తే కడుపు మండుతుంది. ఆ జులైలో సభకు ఒక బిల్లు వచ్చింది. దాని కింద ఆ ఏడాది అక్టోబరు నుంచి కొత్త నిబంధనలు అమలయ్యాయి. పెళ్లయిన ఆడది భృతి అడగాలంటే పెళ్లి తర్వాత కూడా పనిచేసి చందా కట్టినట్టు చూపించాలి. ఇకమీద కూడా తనకు పని దొరుకుతుందని ఒప్పించాలి.

పెళ్లి చేసుకుందని కొట్లోంచి పంపేసిన అమ్మాయికి పెళ్లి తర్వాత చందా ఎక్కడినుంచి వస్తుంది? అంతకుముందు ఏళ్ల తరబడి వారం వారం జీతంలోంచి కట్టిన సొమ్ము లెక్కలోకే రాలేదు. లేబర్ ఎక్స్ఛేంజ్ కిటికీ దగ్గర నిలబడ్డ వేలాది మంది ఆడవాళ్లు ఉత్త చేతులతో ఇంటికి తిరిగి వచ్చారు.

ఆ బిల్లును సభలో పెట్టి గట్టెక్కించింది కార్మిక మంత్రి మార్గరెట్ బాండ్‌ఫీల్డ్. బ్రిటన్ కేబినెట్‌లో కూర్చున్న మొట్టమొదటి మహిళ. ఒకప్పుడు తువ్వాలు చాటున కూర్చుని 'గ్రేస్ డేర్' అని సంతకం చేసింది ఆమే.