కసురుడు మందుకి మోతాదు చెప్పండి

రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ పెద్దల సముఖానికి, పార్వతీపురం మన్యం జిల్లా సాలూరు నుంచి బహిరంగంగా చేసుకుంటున్న విన్నపం.

అయ్యా, ప్రసూతి వార్డులో వాడే ప్రతి మందుకీ మీ దగ్గర లెక్కుంది. ఐరన్ మాత్రలు ఎన్ని పంచారో, ఆక్సిటోసిన్ ఎంత ఎక్కించారో రిజిస్టర్లే చెబుతాయి. లెక్కకు రాని మందు ఒక్కటే, కసురుడు. పరీక్ష బల్ల మీద నొప్పికి కాళ్ళు ముడుచుకున్న మనిషిని "అప్పుడు లేని సిగ్గు ఇప్పుడెందుకు" అనడం, తెర లాగకుండానే చీర పైకెత్తమనడం, ఏం చేయబోతున్నారో చెప్పకుండా లోపలి పరీక్ష చేసేయడం, అన్నీ అందులో రకాలే. దేశంలో చాలాచోట్ల దొరికే సరుకు కాబట్టి ఏ ఆసుపత్రి పేరూ రాయడం లేదు. ఆ మొదటి మాట మా లారీ స్టాండులో ఒక ఆడమనిషిని అంటే చుట్టూ ఉన్నవాళ్ళు ఊరుకోరు. వార్డులో మాత్రం అది వైద్యంలో భాగమైపోయింది. నిజంగా వైద్యమే అయితే అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చి, మోతాదు నిర్ణయిస్తూ జీవో ఇవ్వండి.

దీని మీద పరిశోధన లేదనుకునేరు, ఉంది. 2010లో బౌసర్, హిల్ అనే పరిశోధకులు కాన్పు గదుల్లో జరిగే అమర్యాదను ఏడు రకాలుగా విడదీసి చూపించారు. అనుమతి లేని వైద్యం, చాటు లేకపోవడం, చులకన మాట అందులోవే. 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని అరికట్టాలని ప్రకటన చేసింది. 2019లో లాన్సెట్‌లో వచ్చిన అధ్యయనం కోసం ఘనా, గినీ, నైజీరియా‌లలో కాన్పుల దగ్గరే ఉండి గమనిస్తే, లోపలి పరీక్షల్లో సుమారు 60 శాతం అనుమతి తీసుకోకుండానే జరిగాయి. అవి పరాయి దేశాలంటారా? మన కేంద్రమే 2017 డిసెంబరులో 'లక్ష్య' కార్యక్రమం పెట్టి, గౌరవంతో కూడిన ప్రసూతి సేవ అందాలని అందులో ప్రత్యేకంగా రాసుకుంది. లేని జబ్బుకి ఎవరూ చీటీ రాయరు కదా.

ఇక దుష్ఫలితాల సంగతి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. మెచ్చుకోవలసిన అంకే. కానీ ఆ అంకెలో చేరడానికి మా కొండ ఊళ్ళ ఆడవాళ్ళు ఎంత దూరం రావాలో మీకు తెలుసు. 2018 సెప్టెంబరులో సాలూరు మండలంలో ఒక గర్భిణిని డోలీలో కొండ దించుతుంటే దారిలోనే కాన్పయింది. ఆ వీడియో దేశమంతా చూసింది. రోడ్లు వేయమని గొడవ జరిగింది, జరగాల్సిందే. కొండల గర్భిణుల కోసం సాలూరులో వసతి గృహం కూడా పెట్టారు. అయితే అంత కష్టపడి దిగివచ్చిన మనిషి బల్ల మీద మాట పడి వెళితే, మరుసటి కాన్పుకి ఆమెను ఆపేది దారి ఒక్కటే కాదు. ఆమె విన్న మాట ఊళ్ళోని మిగతా కడుపుతో ఉన్నవాళ్ళకీ చేరుతుంది. రోడ్డు వేయడానికి కోట్లు కావాలి, అటవీ అనుమతులు కావాలి. మాట మార్చుకోవడానికి ఏ అనుమతీ అక్కర్లేదు.

సిబ్బంది చాలడం లేదని మీరు చెప్పే జవాబు అబద్ధం కాదు. రాత్రంతా ఒక్క నర్సమ్మ నలుగురు నొప్పుల మనుషుల్ని చూసుకుంటే ఆమెకీ ఓపిక చస్తుంది, పైవాళ్ళు కసిరితే అది కిందకే దిగుతుంది. ఖాళీలు నింపడం మీ బాధ్యతే. కానీ తెర లాగడం పోస్టు కాదు. "ఇప్పుడు లోపల పరీక్ష చేస్తానమ్మా" అనడానికి పట్టే సమయం కసరడానికి పట్టే సమయం కన్నా ఎక్కువేం కాదు. కసరకపోతే మాట వినరని ఇంకో వాదన. జాతాపు, సవర, కొండదొర, గదబ ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళలో తెలుగు అంతగా రానివాళ్ళున్నారు. అర్థం కాని మాట గట్టిగా అంటే అర్థమవదు, భయం వేస్తుంది. భయంతో బిగుసుకున్న ఒంటికి పరీక్ష మరింత బాధ, మళ్ళీ కసురుడు. ఆమె భాష తెలిసిన ఆశా కార్యకర్తని గది బయట నిలబెట్టకుండా లోపలికి రానిస్తే సగం పని అయిపోతుంది. ఫిర్యాదులే రాలేదు కదా అంటారేమో. బిడ్డ ఇంకా వాళ్ళ చేతుల్లో ఉండగా, మళ్ళీ అక్కడికే రావలసిన మనిషి ఎవరి మీద రాస్తుంది?

జాతీయ మానవ హక్కుల కమిషన్ రోగుల హక్కుల పత్రం తయారుచేస్తే, 2019లో కేంద్ర ఆరోగ్య శాఖ దాన్ని అమలు చేయమని రాష్ట్రాలకు రాసింది. గోప్యత, మర్యాద, ముందుగా చెప్పి తీసుకునే అనుమతి, మగ డాక్టరు స్త్రీని పరీక్షించేటప్పుడు పక్కన మరో స్త్రీ ఉండడం, అన్నీ అందులో ఉన్నాయి. కసురుడుకి మోతాదు ఖరారైతే ఆ జీవో పరీక్ష గది గోడకి అంటించండి. ఖరారు కాకపోతే ఈ పత్రాన్నే అంటించండి, తెలుగులోనూ, కొండ భాషల్లోనూ. చదవలేనివాళ్ళకి గట్టిగా చదివి వినిపించే పని ఆ రోజు డ్యూటీలో ఉన్నవాళ్ళకే అప్పగించండి.

ఇట్లు,
సాలూరు నుంచి ఒక పౌరుడు