వంకల మామ

మా సీమలో వంకలు రెండు రకాలు. వాన కురిస్తే పారేవి కొన్ని, కురవకపోయినా పారేవి కొన్ని. మొదటి రకం నంబులపూలకుంట చుట్టూ బోలెడున్నాయి గానీ ఏడాదిలో ఎక్కువ నాళ్లు వాటిలో ఇసకే. రెండో రకం మా మామ నోట్లో పన్నెండు నెలలూ పారుతుంది.

ఇట్లాంటి మనిషి లేని ఊరుండదు. పెళ్లిలో పాయసం బాగుందని అందరూ రెండోసారి వేయించుకుంటుంటే ఈయన జీడిపప్పులు లెక్కపెడతాడు. కదిరి నరసింహస్వామి తేరు కదిలి జనం గోవిందలు కొడుతుంటే ఈయన చక్రాల అరుగుదల చూస్తాడు. తిమ్మమ్మ మర్రిమాను 1989లో గిన్నిస్ బుక్కుకెక్కింది. ఐదెకరాల దాకా పరుచుకున్న ఆ చెట్టు కింద బెంగళూరు చుట్టాలు నోరు తెరుచుకుని నిలబడితే మామ పక్కన చేరి, "ఐదెకరాల్లో శనక్కాయ పెట్టింటేనా..." అని మొదలుపెట్టి ఆపేశాడు. ఆ ఏడు శనక్కాయ పెట్టినవాళ్ల గతి గుర్తొచ్చినట్టుంది. 2016లో మా నంబులపూలకుంట సోలార్ పార్కులో తొలి విడత కరెంటు మొదలైనప్పుడు 250 మెగావాట్లని అందరూ గొప్పగా చెప్పుకున్నారు. "ఇంత ఎండకు అంతేనా?" అన్నాడు మామ. తాను జీవాలు కాస్తూ తిన్న ఎండ ఒక్కటే అంతకు మించి ఉంటుందని ఆయన లెక్క.

అట్లాంటి మనిషి ముందర వీడియో గేమ్ ఆడటం నా తప్పే.

ఉద్యోగం ఇంటినుంచి చేసుకోమన్న రోజుల్లో కంప్యూటర్‌ను బెంగళూరు నుంచి ఊరికి మోసుకొచ్చాను. 'రెడ్ డెడ్ రిడెంప్షన్ 2' ఆడాలని ఎప్పటినుంచో కోరిక. 2018లో వచ్చిన ఆట, కంప్యూటర్‌కు మరుసటేడు. దానికి కావలసిన చోటే 150 జీబీ. మా ఊరి సిగ్నల్‌కు అది దిగడానికి వారం పట్టింది. మామ రోజూ వచ్చి తొంగిచూసి, "బోరు వేసింటే ఈపాటికి దుమ్మన్నా పడిండేది గదబ్బీ" అని పోయేవాడు.

ఎనిమిదో రోజు ఆట తెరిచి, ముందుజాగ్రత్తగా దాని గొప్ప చెప్పాను. "విమర్శకుల మార్కులన్నీ కలిపి సగటు తీసే మెటాక్రిటిక్‌లో దీనికి నూటికి 97, మామా. కోట్లలో అమ్ముడుపోయింది."

మామ తుండు పరుచుకుని కూర్చున్నాడు. "మూడు మార్కులు యాడ కోసినారు?"

ఆ ప్రశ్న నేనెప్పుడూ వేసుకోలేదు. ఇంకెవరైనా వేసుకున్నారో లేదో కూడా అనుమానమే.

ఆనాటినుంచి జీవాల్ని దొడ్లో తోలేసి, సంగటి తిని, ఆ మూడు మార్కులు వెతకడానికి రాత్రిపూట వచ్చేవాడు. కథ 1899 నాటి అమెరికాలో, మంచుకొండల్లో మొదలవుతుంది. దొంగల ముఠాలో ఆర్థర్ మోర్గాన్ అనేవాడు మన చేతిలో ఉంటాడు. గడ్డం రోజురోజుకూ పెరుగుతుంది, తుపాకి తుడవకపోతే పాడవుతుంది, తిండి తగ్గితే మనిషి చిక్కుతాడు. ఇవన్నీ చూపించాను. మామ చలించలేదు. ఆయన చూపు గుర్రం వెనకభాగం మీదుంది. చలికి గుర్రం వృషణాలు ముడుచుకునేట్టు కూడా ఈ ఆటలో చేశారు. ఆ సంగతికి ప్రపంచమంతా ముచ్చటపడింది. మామ కళ్లజోడు లేకుండానే కనిపెట్టాడు.

"ఇది చేసినోడు పశువుల్ని సాకినోడేరా."

"చేసిన రాక్‌స్టార్ వాళ్లకు బెంగళూర్లో కూడా ఆఫీసుంది, మామా."

"అదీ సంగతి. చింతామణి తట్టు పిల్లోడెవడో చేసింటాడు."

మామ నోటినుంచి ఒక మెప్పు రాలడం నా ఎరుకలో అదే మొదటిసారి. నిలబడలేదనుకోండి. ఆర్థర్ జింకను కొట్టి, కూర్చుని, నిదానంగా తోలు ఒలిచి, మోసుకొచ్చి గుర్రం మీద వేసేసరికి మామ ఆవులించాడు. "ఇంత తీరికగా ఒలిస్తే ఆదివారం అంగడి మూసుకోవల్సిందే. ఒక మార్కు పాయ." ఇక్కడ నేను ఒప్పుకోను. ఆ నిదానమే ఈ ఆటకు ప్రాణం. పరుగులు తీయించే ఆటలు వెయ్యున్నాయి, జీను సర్దుకోనిచ్చే ఆట ఒకటుంటే తప్పేంటి? పదిసార్లు ఒలిచాక నాకూ విసుగొచ్చిన మాట మాత్రం మామకు చెప్పలేదు.

రెండో మార్కు గొర్రెల దగ్గర పోయింది. ఆర్థర్, వాడి జతగాడు కలిసి గొర్రెల మందను కొట్టేసి వాలెంటైన్ అనే ఊరి సంతకు తోలుకుపోయే ఘట్టం ఒకటుంది. మామ ముందుకు జరిగాడు. అది ఆయన సబ్జెక్టు. "పక్కకు తిప్పు, ఆడ పచ్చిక ఉండాది. రొంతసేపు మేయనీ." తిప్పాను. మందను వదిలి దూరం పోతున్నావని హెచ్చరిక వచ్చింది. ఇంకొంచెం పోయేసరికి ఆట ఆగిపోయి, ఓడిపోయావంది.

"ఇదేందప్పా? కనిపించిన చోటికల్లా పోవచ్చంటివే?"

"పోవచ్చు మామా. పని మొదలైతే మాత్రం వాళ్లు చెప్పిన దోవలోనే పోవాల."

"అట్లయితే నీ బెంగళూరు ఉద్యోగానికీ దీనికీ తేడా ఏముండాది?"

బదులు దొరకలేదు. తలపండిన విమర్శకులు పేజీలు పేజీలు రాసిన లోపం అదే. లోకమంతా తెరిచి పెట్టి, కథ దగ్గరికొచ్చేసరికి గీత దాటనివ్వదు. సంతలో దళారి దొంగసొత్తని పసిగట్టి వాటా కోసుకున్నప్పుడు మామ కొంచెం శాంతించాడు. "ఇది మాత్రం సరింగా పెట్టినారు."

మూడోది ఎన్నాళ్లకూ దొరకలేదు. జూలై వచ్చింది. విత్తనం కాయలు ఒలిచి పెట్టుకున్నారు, మబ్బు వచ్చేది, గాలి లేచేది, మబ్బు మదనపల్లె తట్టు పోయేది. ఒకరాత్రి ఆటలో ఉరుములు మొదలయ్యాయి. నేను పని గుర్తు ఉన్న చోటికి గుర్రాన్ని దౌడు తీయించబోతే మామ చెయ్యి పట్టుకున్నాడు.

"గమ్మునుండు. కురవనీ."

ఆగాం. కురిసింది. దోవ బురదైంది, గుంటల్లో నీళ్లు నిలిచాయి. ఇద్దరం చాలాసేపు మాట్లాడలేదు. ఆర్థర్ టోపీ అంచునుంచి నీళ్లు కారుతుంటే మామ తన తుండు తీసి తల మీద వేసుకున్నాడు.

"దిగి కాలు పెట్టు."

దించాను. బూటు గుర్తు పడింది. మామ తెరకు ముక్కు ఆనించి చూశాడు.

"పదును బెత్తెడు కూడా దిగల్యా. ఆ మూడో మార్కు ఈడ్నే కోసింటారు" అని లేచిపోయాడు.

తెల్లవారి పళ్లు కూడా తోముకోకుండా వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"రాత్రి నేను పోయినాక, ఆడ మళ్లీ పడిందా?"