అద్దాల భక్తుడు

కొత్తచెరువు సర్కిల్లో టీ గ్లాసు పట్టుకుని నిలబడితే చాలు, దర్శనాలు అవుతూనే ఉంటాయి. ధర్మవరం దిక్కు నుంచి నామాలు వస్తాయి, పెనుకొండ దిక్కు నుంచి 786 వస్తుంది, బుక్కపట్నం వైపు శిలువ పోతుంది. ఒకప్పుడు ఏపీ 02 అని కనబడితే అనంతపురం బండి అని తెలిసేది. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 అని ఒకటే వరస పెట్టాక నంబరు ప్లేటు చూస్తే ఊరు తెలియడం లేదు. అద్దం చూస్తే మాత్రం మతం, కులం, పార్టీ, బామ్మర్ది ఉద్యోగం అన్నీ తెలుస్తున్నాయి.

ఈ అద్దాల్లో అన్నిటికన్నా నిండైనది మా అద్దాల భక్తుడిది. ఇలాంటాయన ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. కాకపోతే పక్కనే పుట్టపర్తి ఉండటం వల్ల మావాడికి ఎరువు బాగా దొరికింది.

వృత్తి ట్యాక్సీ. 2000లో ప్రశాంతి నిలయం రైల్వే స్టేషన్ వచ్చినప్పటి నుంచి స్టేషన్ బాడుగలు, బెంగళూరు విమానాశ్రయం నుంచి విదేశీ భక్తుల బాడుగలు. మొదట అంటించింది ఒక్కటే స్టిక్కరు: సత్యసాయి బాబావారి సర్వధర్మ చిహ్నం. పద్మం చుట్టూ ఓంకారం, ధర్మచక్రం, అగ్ని, నెలవంక, శిలువ. ఒక్క స్టిక్కరు ఖర్చుతో ఐదు మతాలు గిట్టుబాటయ్యాయి. తెలివైనవాడైతే అక్కడితో ఆగేవాడు.

ఈయన ఆగలేదు. పెనుకొండ బాబయ్య స్వామి ఉరుసు బాడుగలకు 786 వేయించాడు. డిసెంబరు వచ్చేసరికి శిలువ. చిహ్నంలో నెలవంక, శిలువ ముందే ఉన్నాయి కదప్పా అంటే, "అవి సిన్నగా ఉండాయి, దూరంనుంచి కనపడల్యా" అన్నాడు. కనబడాల్సింది దేవుడికా, బాడుగకు వచ్చేవాడికా అని నేనడగలేదు. మొదట ఒక పార్టీ నాయకుడి బొమ్మ ఉండేది, 2024లో అక్కడే ఇంకో బొమ్మ వచ్చింది. పాతది పూర్తిగా ఊడలేదు. ఎండకు గమ్ము కరిగి పట్టుకుందంటాడు. మా కరువు సీమ ఎండ ఎవరి ముఖం చూసి కాస్తుంది!

కారు కియా. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో తయారైంది, అంటే మా ఇంటి బిడ్డే. ఆ కంపెనీ 2021లో తన గుర్తు మార్చుకుంటే, కొత్త గుర్తును చాలామంది ‘కేఎన్’ అని చదివి, అదేం కారని వెతుక్కున్నారు. మావాడు ఎలానూ చదవలేదు. షోరూం నుంచి ఇల్లు చేరేలోపే దాని మీద మూడు నామాలు అతికించాడు. మెకానిక్ బానెట్ ఎత్తుతూ, "ఏ కంపెనీదన్నా ఇది, తిరుపతిదా?" అని అడుగుతాడు.

వెనక అద్దం మొత్తం కాషాయం, నలుపు రంగుల ఉగ్ర హనుమంతుడిది. కేరళలో కాసరగోడు కుర్రాడు కరణ్ ఆచార్య 2015లో ఊరి వినాయక చవితి జెండా కోసం గీసిన బొమ్మ అది. అక్కడినుంచి బెంగళూరు కార్లకెక్కి, హైవే పట్టుకుని మాదాకా వచ్చింది. ఆ బొమ్మ ఉన్న క్యాబ్ ఎక్కబోమని 2018లో కొందరు అంటే, అయితే మేం అదే ఎక్కుతామని ఇంకొందరు పంతం పట్టారు. మావాడికి రెండు రకాలూ తగిలాయి. బెంగళూరులో ఒకమ్మాయి బొమ్మ చూసి బాడుగ రద్దు చేసుకుంది. ఒక పెద్దాయన హనుమంతుణ్ని చూసి మురిసి, పక్కకు వచ్చి 786 చూసి ముఖం ముడుచుకుని, ఎక్కాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాడు. హిందూపురం సాయిబు ఒకాయన మాత్రం చుట్టూ ఒకసారి చూసి, "ఏసీ పని చేస్తాదా?" అని అడిగి ఎక్కి కూర్చున్నాడు. నా దృష్టిలో ఆ రోజు కొత్తచెరువులో అసలైన జ్ఞాని ఆయనే.

కానిస్టేబుల్‌తో వాదన వేరే రకం. కార్ల అద్దాలకు నల్ల ఫిల్ములు వద్దని సుప్రీంకోర్టు 2012లోనే చెప్పింది. "నాది ఫిల్మ్ కాదు సార్, హనుమంతుడు" అంటాడు మావాడు. పీకమని చెప్పడానికి కానిస్టేబుల్‌కు నోరు రాదు. ఆయన బైకు మీదా అదే బొమ్మ.

అవతలి పక్షం లేదనుకోకండి. మా వీధిలో రిటైరైన తెలుగు మాస్టారు హేతువాది. 1940లో నాస్తిక కేంద్రం పెట్టిన గోరా అంటే ప్రాణం. స్కూటర్‌కు ‘దేవుడు లేడు’ అని రేడియం అక్షరాలు వేయించబోతే, షాపువాడు "లేడని కోస్తే నా చెయ్యి తెగుతాది సార్" అని బ్లేడు కింద పెట్టేశాడు. మాస్టారు రాజీపడి వేమన బొమ్మ వేయించుకున్నారు. రాళ్లకు మొక్కేవాళ్లను ఎగతాళి చేసిన వేమన సమాధి మా జిల్లాలోనే, కదిరి దగ్గర కటారుపల్లిలో ఉంది. అక్కడ ఆయనకే పూజలు చేస్తున్నారన్నది మాస్టారి పాత దిగులు. కొత్త దిగులు, తెల్లారేసరికి స్కూటర్ మీది వేమనకు కుంకుమబొట్టు ఉండటం. పెట్టింది పాలు పోసే అవ్వ. "ఎవురో సామి, గోచీతో కూసోనుండాడు, బోసిగా ఉంటే బాగుండదని పెట్టినా సార్" అంది.

భక్తుడి మేనల్లుడు టెక్సాస్‌లో ఉన్నాడు. అమెరికాలో క్రైస్తవులు కారు వెనక చేప గుర్తు పెట్టుకుంటే, 1980లలో కొందరు చిలిపివాళ్లు ఆ చేపకే కాళ్లు తగిలించి, పొట్టలో డార్విన్ పేరు రాశారు. పరిణామవాదం మాది అని చెప్పడానికి. తర్వాత డార్విన్‌ను మింగే పెద్ద చేప కూడా వచ్చింది. ఈ కాళ్ల చేప ఫోటో మేనల్లుడు పంపితే మావాడు కళ్లకద్దుకున్నాడు. "మత్స్యావతారం, కూర్మావతారంలోకి మారతాండాది చూడు. కాళ్లు అందుకే! ఒకటి తెప్పించల్ల" అన్నాడు. మాస్టారు గంటసేపు డార్విన్‌ను వివరించారు. అంతా విని, "అయితే మీకూ ఒకటి తెప్పిస్తా సార్" అన్నాడు. ఇప్పుడు ఊళ్లో కాళ్ల చేపలు రెండున్నాయి. ఒకటి దేవుడున్నాడని, ఇంకొకటి లేడని తిరుగుతున్నాయి.

పుట్టపర్తి రోడ్డు మీద ఆ కియా మీ ముందు పోతుంటే ఒక్క జాగ్రత్త. వెనక అద్దం నిండా హనుమంతుడే కాబట్టి లోపలున్నాయనకు మీరు కనబడరు. సైడు అద్దాలకు సాయిరాం స్టిక్కర్లున్నాయి. ఇండికేటర్ ఎడమకు వేసి కుడికి తిరుగుతాడు. దండం పెట్టుకోవాలంటే పెట్టుకోండి, కానీ బ్రేకు మీద కాలు తీయకండి.