ఆగితేనే అన్నం

దేవుడి ముందు నిలబడి ఏం కోరుకోవాలో తెలియని మనిషి మా చిలుకూరు మొత్తానికి నేనొక్కడినే. రైతుకు కాలువ నీళ్ళు ఆగకూడదు. మిల్లు వాళ్ళకు కరెంటు ఆగకూడదు. కిరాణా కొట్టుకు గిరాకీ ఆగకూడదు. నాకు మాత్రం ఎక్కడో ఒక జేసీబీ ఆగితేనే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. ఈ మాట గుడిలో పైకి అనలేను. పక్కన కళ్ళు మూసుకుని దండం పెడుతున్న వాళ్ళలో బండ్ల ఓనర్లు కూడా ఉంటారు. పోనీ "అందరూ చల్లగా ఉండాలి స్వామీ" అందామంటే ఇంటావిడ మోచేత్తో పొడుస్తుంది. "అందరూ చల్లగుంటే పిల్లల ఫీజు ఎవరు కడతరు?"

దసరా నాడు ఇరకాటం ఇంకా ఎక్కువ. నేను పనిచేసే కన్‌స్ట్రక్షన్ కంపెనీ యార్డులో బండ్లన్నీ కడిగి, పసుపూ కుంకుమా పెట్టి, బంతిపూల దండలేసి వరసగా నిలబెడతారు. బకెట్టు పళ్ళకు నిమ్మకాయలు గుచ్చుతారు. బూడిద గుమ్మడికాయతో దిష్టి తీస్తారు. "అన్నా, ఈ ఏడాదంతా ఒక్క రిపేరు కూడా రావొద్దని నువ్వు కూడా మొక్కు" అంటాడు సూపర్‌వైజరు. మొక్కుతాను. కాకపోతే నా మొక్కు నాది. ఇంజను సీజయ్యేంత పెద్ద జబ్బు వద్దు తల్లీ, బండిని ట్రైలరెక్కించి హైదరాబాదు తోలుకుపోతారు. అసలు జబ్బే లేకుండానూ చెయ్యకు. హోస్ పైపు, సీల్ కిట్, సెల్ఫ్ మోటారు, ఈ స్థాయిలో, మితంగా, ఒకదాని తర్వాత ఒకటి దయచెయ్యి.

నేను ఆ కంపెనీకి మెకానిక్‌నే గానీ కంపెనీ మనిషిని కాదు. జీతం లేదు, పీఎఫ్ లేదు, మెడలో కార్డు లేదు. ఉన్నదల్లా ఒక స్ప్లెండర్ బండి, దాని వెనక స్పానర్ల పెట్టె, జేబులో రకరకాల సైజుల ఓరింగులు. సెలవు మాత్రం ఉంది. బండ్లన్నీ బాగా నడుస్తున్న రోజు నాకు సెలవు. ఆ రోజు మా ఇంట్లో నాతో ఎవరూ మాట్లాడరు.

ఇట్లాంటి పనికి మా ఏరియా మంచి గడ్డ. చిలుకూరు కోదాడకూ హుజూర్‌నగర్‌కూ నడుమ ఉంటుంది. మేళ్లచెరువు, మఠంపల్లి వైపు పోతే సున్నపురాయి క్వారీలు, సిమెంటు ఫ్యాక్టరీలు. కోదాడ పక్కనుంచే హైదరాబాదు-విజయవాడ హైవే. మిర్యాలగూడ దాటితే దామరచర్ల మండలంలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ ప్లాంటు. వీటి మధ్యలో కాలువ పనులు, రోడ్డు పనులు, కొత్త వెంచర్లు. మా తాతల కాలంలో పుట్టి ఉంటే నేను పస్తుండేవాణ్ణి. 1955లో నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ డ్యామును రాయి మీద రాయి పేర్చి కట్టారు. మిషన్లు తెప్పించడానికి విదేశాల డబ్బు తక్కువ, తట్ట మోసే చేతులు ఎక్కువ. 1967లో కాలువలకు నీళ్ళు వదిలారు, మా పొలాలు తడిశాయి. అంతటి డ్యామును చేతులతో కట్టిన గడ్డ మీద ఇప్పుడు ఇంటి ముందు కుళాయి పైపుకు జానెడు కాలువ తియ్యాలన్నా జేసీబీకి ఫోన్ చేస్తారు. వెక్కిరించే హక్కు నాకు లేదు. ఆ ఫోన్ల మీదే నా సంసారం నడుస్తోంది.

నాకొచ్చే ఫోన్లన్నీ ఒకే తీరుగా మొదలవుతాయి.

"అన్నా, బండాగింది."

"ఏమైంది?"

"ఏం కాలే."

"ఏం కాకపోతే ఎందుకాగింది?"

"అదే తెల్వదన్నా. నడుస్తనే ఉండె. నేనేం చెయ్యలే. దానంతటదే ఆగింది."

ఆ "నేనేం చెయ్యలే" అన్నదే నా ఎస్టిమేషన్. ఆపరేటరు ఆ మాట ఒక్కసారి అంటే ఓరింగు పోయిందని లెక్క. రెండుసార్లు అంటే హైడ్రాలిక్ పంపు. వాళ్ళమ్మ మీద ఒట్టేసి చెబితే ఇంజను.

సైటుకు పోయేసరికి జనం పోగై ఉంటారు. జేసీబీ తవ్వుతుంటే జనం పని మానుకుని చూస్తారని 2019లో దేశమంతా ఫోన్లలో జోకులు పంపుకుని నవ్వుకుంది. మా ఊళ్ళో అది తవ్వకపోయినా చూస్తారు. చూడటంతో ఆగరు, తలా ఒక రోగం పేరు చెబుతారు. టిప్పరు డ్రైవరు డీజిల్లో నీళ్ళు కలిశాయంటాడు. సైటు ఇంజనీరు "సెన్సార్ ప్రాబ్లెమ్" అంటాడు, అది ఏ సెన్సారో ఆయనకూ తెలియదు. వాచ్‌మన్ నిన్న అమావాస్య అంటాడు. గట్టు మీద బర్రెలు కాసుకునే తాత ఒక్కడే నిదానంగా, "పొద్దున్నుంచీ బూము లేపినప్పుడల్లా అది మూలుగుతాంది బిడ్డా" అంటాడు. నేను స్పానరు తీసేది ఆ తాత మాట విన్నాకే. బండి ఆగితే మాట పడే భయం లేనిదీ, పైసా పోయేది లేనిదీ ఆయనొక్కడికే. అందుకే ఆయన చెవులు బాగా పనిచేస్తాయి.

చాలాసార్లు హోస్ పైపే. పైకి నల్ల రబ్బరు గొట్టం. లోపల నూనె 250 బార్ల దాకా ఒత్తిడి మీద ఉంటుంది. నా బైకు టైరులో ఉండేది 2 బార్లు, పైన కొంచెం చిల్లర. సూదిమొన అంత బొక్క పడితే ఆ నూనె చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. అందుకే లీకు ఎక్కడుందో చేత్తో తడిమి చూడకూడదు, అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి. ఇదంతా వివరంగా చెబితే సూపర్‌వైజరు శ్రద్ధగా విని, "సరే అన్నా, సాయంత్రం దాకా టేపు చుట్టి నడిపిద్దామా?" అంటాడు.

హైడ్రాలిక్స్ మొత్తం ఒక్క సూత్రం మీద నడుస్తుంది. మూసిన గొట్టంలో ఉన్న నూనెను ఒక చోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులా సమానంగా పోతుంది. పాస్కల్ అనే ఫ్రాన్సు పెద్దమనిషి 17వ శతాబ్దంలోనే చెప్పాడు, మేం బళ్ళో బట్టీ పట్టాం. ఆయన మా సైటుకు వచ్చి ఉంటే రెండో సూత్రం కూడా రాసేవాడు: కాంట్రాక్టు పనిలో ఒత్తిడి అందరికీ సమానంగా పోతుంది, డబ్బు పోదు. పై నుంచి బిల్లు రాలేదని కంపెనీ సబ్ కాంట్రాక్టరును నొక్కుతుంది. అతను బండి ఓనరును నొక్కుతాడు. ఓనరుకు నెల తిరిగేసరికి ఫైనాన్స్ కిస్తీ. ఆయన ఆపరేటరు బత్తాలో కోస్తాడు. ఆపరేటరు ఎవరిని నొక్కాలి? గ్రీజు గన్నును నొక్కడం మానేస్తాడు.

పిన్నులకూ బుష్షులకూ రోజూ పొద్దున గ్రీజు కొట్టాలి. చాయ్ తాగేంత సేపు పని. అది మానేస్తే బుష్షు అరుగుతుంది, తర్వాత పిన్ను అరుగుతుంది, ఆ తర్వాత బకెట్టు తనకు తోచిన చోట తవ్వుతుంది. ఎవరెవరు ఎక్కడ పైసా మిగిల్చారో విప్పి చూస్తే అంతా కనబడుతుంది. ఫిల్టరు మీద కంపెనీ పేరులో ఒక అక్షరం తక్కువుంటే అది ఓనరు పొదుపు. హైడ్రాలిక్ ట్యాంకులో ఇంజనాయిలు వాసనొస్తే అది సూపర్‌వైజరు తెలివి. డీజిల్ ట్యాంకు మూత చుట్టూ పైపు పెట్టిన గీతలుంటే అది నేను చూడలేదు. మెకానిక్ కొన్ని చూడకూడదు.

కొత్త స్పేర్లు విజయవాడ ఆటోనగర్ నుంచి రావాలి. ఫోన్ చేస్తే ఆ షాపతను ఒకటే అడుగుతాడు: "కంపెనీదా, కంపెనీ లాంటిదా?" నేను ఓనరును అడుగుతాను. ఓనరు కాసేపు ఆలోచించి, "కంపెనీ లాంటిదే, కానీ కంపెనీది లాగే ఉండాలె" అంటాడు. ఆ సామాను ఆర్టీసీ కార్గోలో కోదాడ బస్టాండుకు చేరేదాకా సైటులో ఉన్న అందరూ చెట్టు కింద ఉంటారు. నేను బండి కింద ఉంటాను.

ఈ మధ్య కొత్త తరం బండ్లు వచ్చాయి. పొగ తగ్గించాలని టైర్లున్న నిర్మాణ యంత్రాలకు 2021 ఏప్రిల్ నుంచి కొత్త నిబంధనలు పెట్టారు. దాంతో బండికి సెన్సార్లు, కంట్రోల్ బాక్సు, గంపెడు వైర్లు వచ్చాయి. నా పని అయిపోయిందనుకున్నారు మా వాళ్ళు. ఒకసారి కొత్త బండి ఆగితే ఇస్త్రీ చొక్కా వేసుకుని ఒక కుర్రాడు లాప్‌టాప్‌తో దిగాడు. బండికి వైరు తగిలించి, తెర మీద వచ్చిన కోడ్ చూసి, వైరింగ్ మొత్తం మార్చాలన్నాడు. మొత్తమంటే ఎంతో విని ఓనరు ట్రాక్టరు ట్రాలీ మీద కూలబడ్డాడు. నేను బండి చుట్టూ చూశాను. కోసిన వరి మడిలో, గడ్డివాము పక్కన పెట్టారు దాన్ని. సీటు కింద పలక తీస్తే ఎలుక గూడు, దాని నిండా గడ్డీ రంగు రంగుల వైరు ముక్కలూ. మూడు వైర్లు అతికితే బండి లేచింది. ఆ కుర్రాడు మంచివాడు, "అన్నా, ఎలుకకు కోడ్ లేదు" అని నవ్వాడు. లాప్‌టాప్‌కు రోగం తెలుసు, ఊరు తెలియదు. ఇద్దరం కలిసి చాయ్ తాగాం. డబ్బులు నేనే ఇచ్చాను, అతనికి టీఏ ఇంకా రాలేదట.

బండి ఆగకూడదని నేను మనస్ఫూర్తిగా మొక్కిన రోజులు కూడా ఉన్నాయి. 2024 ఆగస్టు 31 రాత్రి నుంచి వాన కుండపోతగా కురిసింది. కోదాడలో కాలనీలు మునిగాయి, నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. అక్కడ ఖమ్మంలో మున్నేరు పొంగి ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకుపోతే సుభాన్ ఖాన్ అనే డ్రైవరు జేసీబీ వేసుకుని వరదలోకి దిగి వాళ్ళను ఒడ్డుకు తెచ్చాడు. దేశమంతా ఆయన గుండె ధైర్యాన్ని మెచ్చుకుంది. నేనూ మెచ్చుకున్నాను. కానీ వీడియో చూస్తున్నంతసేపూ నా చెవి ఇంజను మీదే ఉంది. ఆ వంతెన నడిమధ్యన అది దగ్గి ఉంటే? దగ్గలేదు. ఎవరో ఫిల్టరు వేళకు మార్చారు. ఎవరో గ్రీజు కొట్టారు. ఆ ఎవరో ఎవరని ఏ టీవీ అడగలేదు. అడిగేవాళ్ళూ ఉండరు. బండి ఆగితేనే మెకానిక్ పేరు గుర్తొస్తుంది. ఆ వారం మా దిక్కు గండ్లు పూడ్చే బండ్ల వెంట తిరిగాను. ఎవరూ ఎస్టిమేషన్ అడగలేదు, నేనూ చెప్పలేదు.

వాన వెలిసింది, రోడ్లు ఆరాయి, బేరాలు మళ్ళీ మొదలయ్యాయి.

మా ఊరి పేరు చెబితే హైదరాబాదులో అందరూ "వీసా బాలాజీ చిలుకూరేనా?" అంటారు. అది మొయినాబాద్ పక్కన, ఇది కోదాడ పక్కన. అక్కడ కోరిక కోరేటప్పుడు 11 ప్రదక్షిణలు, తీరాక 108 చెయ్యాలి. మా చిలుకూరులోనూ లెక్క అదే, తిరిగే మనిషే వేరు. బండి ఆగినప్పుడు సూపర్‌వైజరు నా చుట్టూ 11 తిరుగుతాడు. అతని కోరిక తీరి బండి స్టార్టయ్యాక ఆఫీసు చుట్టూ 108 నేను తిరుగుతాను. అక్కౌంటెంటు ఊళ్ళో ఉండడు. ఉంటే చెక్కు మీద సంతకం పెట్టే సారు ఉండడు. ఇద్దరూ ఉన్న రోజు, "బిల్లులో లేబర్ చార్జి ఇంతెందుకయ్యా? గంటలో అయిపోయిన పనేగా" అంటారు. గంటలో అయింది కాబట్టే అంత అని చెప్పాలనుంటుంది. రేపు కావాలనే నాలుగు గంటలు చేస్తే, పాపం చాలా కష్టపడ్డాడని పూర్తిగా ఇస్తారు.

అందుకని ఈ మధ్య ఒక పద్ధతి పెట్టాను. పనంతా చేస్తాను, బ్యాటరీ టెర్మినల్ ఒక్కటి బిగించను. ముందు ఫోన్‌పే మోగాలి, తర్వాత సెల్ఫ్ మోగుతుంది. మొన్న మిర్యాలగూడ రోడ్డు సైటులో సూపర్‌వైజరుకు ఇదే చెప్పాను. అతను ఫోన్ పైకెత్తి నాలుగు దిక్కులా తిప్పి, "నెట్‌వర్కే లేదన్నా, ఏం చెయ్యమంటవ్?" అన్నాడు. పక్కనే ఆపరేటరు క్యాబిన్‌లో కాళ్ళు చాపుకుని, సౌండు పెద్దగా పెట్టుకుని రీల్స్ చూస్తున్నాడు. "తమ్మీ, సార్‌కు జర హాట్‌స్పాట్ ఇయ్యి" అన్నాను.