మా అద్దెదారు మా అబ్బాయే

ఉద్యోగం వచ్చిన కొడుకు అమ్మానాన్నల దగ్గరే ఉండాలా, వేరే గది తీసుకోవాలా? ఈ ప్రశ్న చీరాల పక్కన మా పేరాలలో ఏ పెద్ద నేతగాణ్ణి అడిగినా, మీకు ఎండదెబ్బ తగిలిందేమోనని ముందు మంచినీళ్లిస్తాడు. గుంట మగ్గం ఉన్న ఇంట్లో కొడుక్కి ఉద్యోగం రావడమంటే తండ్రి గుంటలోంచి లేవడం, కొడుకు దిగడం. అంతే. తల్లి కండెలు చుడుతుంది. తెల్లారేసరికి ఇంటిల్లిపాదీ పడుగుని వీధి పొడుగునా పరిచి గంజి పెడుతుంటారు. వాళ్లలో ఒకడు వేరు పోతానంటే ఆ పూట పడుగు రెండో కొస ఎవడు పట్టుకోవాలి?

మా ఇంట్లో మగ్గం ఎప్పుడో ఆగింది. గుంట పూడ్చి టైల్స్ వేయించాం. 2020లో కరోనాకి భయపడి హైదరాబాదు నుంచి లాప్‌టాప్ చంకన పెట్టుకొచ్చిన మావాడు, ఇల్లంతా వెతికి, సరిగ్గా ఆ గుంట ఉన్నచోటే గిర్రున తిరిగే కుర్చీ వేసుకున్నాడు. కరోనా పోయింది, కుర్చీ పోలేదు. దీన్ని ‘వర్క్ ఫ్రం హోమ్’ అంటారని, ప్రపంచం ఇప్పుడే కనిపెట్టిందని నాకు వివరంగా చెప్పాడు. మా నాన్న బతికుంటే నాడె పుచ్చుకుని తరిమేవాడు.

పేరాల వాళ్లకి ఇల్లు వదలడం చేతకాదనుకునేరు. 1919లో చీరాలనీ పేరాలనీ కలిపి మునిసిపాలిటీ చేసి, పన్నులు ఎన్నో రెట్లు పెంచారు. మాకొద్దీ మునిసిపాలిటీ అన్నారు జనం. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు ముందు నిలిచారు; 1921లో గాంధీగారు వచ్చి, కావాలంటే ఊరొదిలి పోవడం కూడా ఒక దారేనన్నారు. మామూలుగా పెద్దలు ఇలాంటి సలహా ఇస్తే తల ఊపి ఇంటికెళ్లి పడుకుంటాం. మావాళ్లు నిజంగానే లేచారు. దాదాపు 15 వేల మందిలో 13 వేలకు పైగా ఊరి బయట పాకలు వేసుకుని, దానికి రామనగర్ అని పేరు పెట్టి, 11 నెలలు ఎండకీ వానకీ ఓర్చారు. చరిత్రలో ఇంతమంది ఒక్కసారి ఇల్లు వదిలిన ఊళ్లో కూడా, అమ్మానాన్నల్ని మాత్రం మూటాముల్లెతోపాటు వెంట తీసుకెళ్లారు. వేరు కాపురమంటే మాకు తెలిసింది అదే.

ఆ వంశంలో పుట్టిన మావాడు ఏం చేస్తాడో తెలుసా? ఏప్రిల్ 30 లోపు కడితే 5 శాతం రాయితీ అని, ఇంటిపన్ను ఏడాది మొత్తానికీ ముందే ఆన్‌లైన్లో కట్టేస్తాడు. పైగా రసీదు నాకు వాట్సాప్‌లో పంపుతాడు. పక్క గదిలోంచి.

పన్ను అంటే గుర్తొచ్చింది. 2007లో ఇటలీ ఆర్థికమంత్రి పడోవా-స్కియోప్పా, అమ్మానాన్నల ఇల్లు వదలని పెద్దవాళ్లని ‘పసిపిల్లలు’ అంటూ ఎగతాళి చేసి, వాళ్లు బయట అద్దెకుంటే పన్ను తగ్గిస్తామన్నాడు. అక్కడి తల్లులు వడ్డిస్తూ వడ్డిస్తూ ఈ మాట విని ఉంటే గరిటె ఎక్కడ విసిరేవారో! మన ప్రభుత్వం అలా కాదు, కుటుంబ వ్యవస్థ మీద గౌరవం ఉన్నది. పాత పన్ను విధానంలో ఉన్న కొడుకు అమ్మానాన్నల ఇంట్లోనే ఉంటూ, వాళ్లకే అద్దె కట్టి, ఇంటద్దె భత్యం (హెచ్.ఆర్.ఏ.) మినహాయింపు తీసుకోవచ్చు. ఇటలీలో ఇల్లు వదిలితే రాయితీ, మన దగ్గర వదలకపోతే రాయితీ.

ఈ సంగతి మావాడికి ఆఫీసులో ఎవరో చెప్పారు. “నాన్నా, వచ్చే నెల నుంచి నీకు అద్దె కడతా” అన్నాడు. ఆ పూట నేను వీధి అరుగు మీద కొంచెం వెనక్కి వాలి కూర్చున్న మాట నిజం. ఇంటి యజమాని దర్జాయే వేరు. అయితే అద్దె ఏడాదికి లక్ష దాటితే ఓనరు పాన్ నంబరు కావాలన్నాడు. కాగితాలు తీస్తే ఇల్లు మా ఆవిడ పేరున ఉంది. రిజిస్ట్రేషన్ రోజున నేనే ఉదారంగా పెట్టించాను.

దాంతో ఇంట్లో లెక్కలు మారాయి. ఆవిడ ఓనరు, వాడు అద్దెదారు. నేనేమిటో ఆదాయపు పన్ను చట్టంలో ఎక్కడా లేదు. అద్దెదారు గదిలో కుళాయి కారుతోందని ఓనరుకి ఫిర్యాదు వెళ్లింది. ఓనరు నన్ను పంపింది. ఓనరు టీవీ సీరియల్ గోలకి మీటింగులో ఏం వినపడటం లేదని రెండో ఫిర్యాదు. రిమోట్ పట్టుకుని ఉన్నది నేను కాకపోయినా మాట పడ్డది నేను. అద్దెలో భోజనం కలిసిందా లేదా అన్నది ఇంకా తేలలేదు. వాడు కలిసిందంటాడు. ఆవిడ, “అద్దె కట్టినా కట్టకపోయినా వాడు తినేదేముంది, ఆ ఫోన్లు పెట్టేస్తే కదా” అంటుంది. కుప్పడం చీర అంచంత పొడుగు వాదన.

అగ్రిమెంటు రాసుకుంటే మంచిదన్నారు. చీరాలలో స్టాంపు పేపరు మీద ఎప్పుడూ రాసే పద్ధతిలోనే 11 నెలలకి టైపు చేయించారు. రామనగర్ లెక్కే. టైపు చేసినాయన షరతులు చదువుతున్నాడు: గోడలకి మేకులు కొట్టరాదు, కరెంటు బిల్లు అద్దెదారే కట్టాలి, అద్దెదారు తనతోపాటు కొత్తగా ఎవరినీ చేర్చుకోరాదు...

“ఆగండి,” అంది మా ఆవిడ. “అది కొట్టేసి, ఈ 11 నెలల్లో ఒక అమ్మాయిని చేర్చుకోకపోతే ఖాళీ చేయిస్తామని రాయండి.”

మావాడు నా వైపు చూశాడు. నేను సాక్షి సంతకం ఎక్కడ పెట్టాలో అడిగాను.