పప్పుకు తల ఎటువైపు?

మొన్న ఆదివారం షోలాపూర్ పూర్వభాగంలో, అశోక్ చౌక్ దాటిన ఒక గల్లీలో, ఇంటి ముందు ఇరవై మంది ఆడవాళ్ళు ఒళ్ళో చాటలు, చాటల్లో తునికాకు పెట్టుకొని కూర్చున్నారు. చేతులు బీడీలు చుడుతున్నాయి. కళ్ళు మాత్రం ఎదురు బల్ల మీది రెండు కొత్తిమీర కట్టల మీద ఉన్నాయి. ఒకటి వాడి తల వేలేసింది. రెండోది అప్పుడే మడిలోంచి పీకినట్టు నిగనిగలాడుతున్నది. దాని కింద అరచేతంత నల్ల బిళ్ళ.

"నాలుగు రోజులైందమ్మా, ఫ్రిజ్‌లో పెట్టనే లేదు. అంతా అయస్కాంత క్షేత్రం పవర్" అన్నాడు టై కట్టుకొచ్చిన అబ్బాయి.

పవరున్న కట్ట మొదళ్ళకు తడిగుడ్డ చుట్టి ఉన్నది. వాడిన కట్టకు లేదు. ముందు వరసలో కూర్చున్న ముసలమ్మ దాన్ని అందరికన్నా ముందే చూసినట్టుంది. "బిడ్డా, ఆ గుడ్డపేలిక నాకియ్యి, బిళ్ళ నువ్వే ఉంచుకో" అన్నది. అందరూ నవ్వారు. అబ్బాయి కూడా నవ్వాడు. నవ్వి, గుడ్డను బ్యాగులో పెట్టుకున్నాడు.

బిళ్ళ ధర నాలుగున్నర వేలు. ఎన్ని వేల బీడీలు చుడితే అంత డబ్బవుతుందో అక్కడున్న వాళ్ళకు నోటిలెక్కే. గిన్నె కింద పెడితే పప్పు వారం పులవదట. బిందె కింద పెడితే నీళ్ళు 'ఛార్జ్' అవుతాయట. నల్లా నాలుగైదు రోజులకోసారి వచ్చే ఊళ్ళో ఈ మాట అనడానికి గుండె ధైర్యం కావాలి. ఛార్జింగ్ సంగతి తర్వాత, ముందు బిందెలో నీళ్ళు పడాలి గదా.

ఎవరో సందేహంగా చూసేసరికి అబ్బాయి శాస్త్రాన్ని బయటికి తీశాడు. "ఉత్తరం వైపు తల పెట్టి పడుకోవద్దని మన పెద్దలు ఊరికే అన్నారా? అది మాగ్నెటిజమే!" సరే, ఒప్పుకున్నాం. మరి పప్పుకు తల ఎటువైపు? ఆ ఒక్కటీ చెప్పకుండా పోయాడు.

అసలు ఈ బిళ్ళ అమ్మడానికి వేరే ఊరు దొరకలేదా అని నా బాధ. అయస్కాంత క్షేత్రంలో అన్నం పెట్టి చూసే ప్రయోగం మా పేటల్లో ఏళ్ళ తరబడి నడుస్తున్నది. కరీంనగర్ నుంచి, పాలమూరు నుంచి పొట్ట చేత పట్టుకొచ్చిన పద్మశాలీల మనవళ్ళం మేం. చేతి మగ్గం పోయి పవర్‌లూమ్ వచ్చాక ప్రతి మగ్గానికీ ఒక మోటారు. మోటారు లోపల సెకనుకు యాభై సార్లు అటూ ఇటూ ఊగే కరెంటు, దాంతోపాటు మారే అయస్కాంత క్షేత్రం. ఇనుప తొడుగు దాటి బయటికొచ్చేది కొద్దే అనుకోండి. అయినా పన్నెండు గంటల షిఫ్టు, పక్కనే మేకుకు వేలాడే టిఫిన్ డబ్బా. మే నెలలో, రేకుల కప్పు కింద, పొద్దున కట్టిన పప్పు రెండింటికి మూత తీస్తే బుడగలు తేలి ముక్కు అదరగొడుతుంది. ఇదీ ఫలితం. మా మామ ముప్పై ఎనిమిదేళ్ళు ఆ మోటారు పక్కనే నిలబడ్డాడు. అయస్కాంతం దేన్నైనా చెడకుండా ఉంచేదే అయితే ఆయన ఇవాళ్టికీ నూనూగు మీసాల కుర్రాడై ఉండాలి. ఆయనకు మిగిలింది చెవుడు.

శాస్త్రవేత్తలు ఈ పని చేయలేదని అనను. చేశారు, అదీ పెద్ద ఎత్తున చేశారు. అమెరికాలో గుంటర్ హాఫ్‌మన్ అనే ఆయన 1985లో పేటెంటే తీసుకున్నాడు. ఊగే అయస్కాంత క్షేత్రంతో సూక్ష్మజీవుల్ని చంపొచ్చని అందులో రాశాడు. 12 టెస్లాల దెబ్బ ఒక్కటి కొడితే పాలల్లో మిల్లీలీటరుకు 25,000 ఉన్న సూక్ష్మజీవులు 970కి పడిపోయాయని లెక్క చూపాడు. మన నల్ల బిళ్ళ ముఖాన కొలిస్తే టెస్లాలో పదోవంతు దాటడం కష్టం, పైగా అది ఊగదు, కదలదు, ఉన్నచోట పడి ఉంటుంది. ఇంకో చిక్కుంది. ఆ పద్ధతిలో తిండిని ప్లాస్టిక్ సంచిలో పెట్టాలి, లోహపు డబ్బా పనికిరాదు. అంటే మా స్టీలు టిఫిన్ గేటు దగ్గరే ఆగిపోయింది. ఆ తర్వాత 2000లో అమెరికా ఆహార శాస్త్రవేత్తల సంఘం అక్కడి ఎఫ్‌డీఏ కోసం అప్పటిదాకా జరిగిన ప్రయోగాలన్నీ ఒకచోట పేర్చి చూస్తే ఒకదానికొకటి పొంతన కుదరలేదు. కొన్నిట్లో సూక్ష్మజీవులు చచ్చాయి, కొన్నిట్లో ఉలుకూ పలుకూ లేదు, కొన్నిట్లో ఇంకా ఏపుగా పెరిగాయి. జపాన్ వాళ్ళు అయస్కాంత ఫ్రీజర్లు అమ్మితే, స్పెయిన్ వాళ్ళు అలాంటి దాంట్లో క్రాబ్ స్టిక్స్ గడ్డకట్టించి, అయస్కాంతం వేసీ ఆర్పీ పోల్చి చూశారు. తేడా ఏమీ కనపడలేదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది కప్ప కథ. 1997లో నెదర్లాండ్స్‌లో ఆంద్రే గైమ్ ఒక బతికున్న కప్పను 16 టెస్లాల క్షేత్రంలో గాల్లో తేలించాడు. నీటిని అయస్కాంతం చాలా బలహీనంగానే అయినా దూరం నెడుతుంది, కప్ప ఒంట్లో ఉన్నది చాలావరకు నీరే. ఆ పనికి 2000లో నవ్వులాటకిచ్చే ఇగ్నోబెల్ వచ్చింది. తర్వాత 2010లో గ్రాఫీన్ మీద పనికి అసలు నోబెలూ వచ్చింది. కప్పకు మాత్రం ఏమీ కాలేదు, దిగి తన తోటి కప్పల్లో కలిసిపోయింది. 16 టెస్లాల్లో తేలిన కప్పకే ఏమీ కానప్పుడు, పులిసే పప్పులోని సూక్ష్మజీవి ఈ బిళ్ళకు జడుస్తుందా?

ఇంతకీ ఈ బిళ్ళను ఎవరికి అమ్ముతున్నట్టు? కడక్ భాకరి చేసే చేతులకు. జొన్నపిండి పల్చగా తట్టి, పెనం మీద తడి మొత్తం పోయేదాకా కాల్చి, ఆరబెడితే అప్పడంలా ఫెళఫెళమంటుంది. గుడ్డలో కట్టి పెడితే నెల దాటినా చెక్కుచెదరదు. శేంగా చట్నీ సంగతీ అంతే. వేయించిన పల్లీలు, ఎండుకారం, ఉప్పు, వెల్లుల్లి రోట్లో దంచుతారు, చుక్క నీరు తగలనివ్వరు. సంక్రాంతికి నూనెలో వేగిన సకినాలు శివరాత్రి దాకా డబ్బాలో ఉంటాయి, పిల్లలు ఉండనిస్తే. తడి లేనిచోట సూక్ష్మజీవి పెరగదని వీళ్ళకు టై కట్టినవాళ్ళెవరూ చెప్పలేదు. తడి తీయలేని దాన్ని చల్లగా పెట్టాలి. ఈ జిల్లా దానిమ్మ రైతును అడగండి, పండ్లను కోల్డ్ స్టోరేజీలో 5 డిగ్రీల దగ్గర పెట్టి రెండు నెలలు ఆపుతాడు.

అయినా తిండిని కాపాడే అయస్కాంతం ఒకటున్నది. ఫ్రిజ్ తలుపు చుట్టూ రబ్బరు పట్టీ ఉంటుంది చూడండి, దాని కడుపులో సన్నటి అయస్కాంతపు పట్టీ ఉంటుంది. వెనకటి ఫ్రిజ్‌లకు గొళ్ళెం ఉండేది. దాగుడుమూతలాడే పిల్లలు పాత ఫ్రిజ్‌ల్లో దూరి, లోపల్నుంచి తలుపు రాక ఊపిరాడక చనిపోతుంటే, 1956లో అమెరికా చట్టం చేసింది, లోపల్నుంచి నెట్టినా తలుపు తెరుచుకోవాలని. గొళ్ళెం పోయి అయస్కాంతం వచ్చింది. దాని పనల్లా తలుపు పట్టుకొని ఉండటమే.

నెల రోజులుగా మా ఇంట్లో పాలు విరుగుతున్నాయి. బిళ్ళ గురించి ఇంట్లో నాలుగుసార్లు మాటొచ్చింది కూడా. ఫ్రిజ్‌లు బాగుచేసే మా బామ్మర్ది వచ్చాడు. జేబులోంచి పది రూపాయల నోటు తీసి తలుపు సందున పెట్టి మూశాడు, లాగాడు. సర్రున వచ్చేసింది. "గ్యాసంతా మంచిగనే ఉంది బావా, తలుపే పట్టుతలేదు" అని రబ్బరు మడత విప్పి చూపించాడు. లోపల నూలు నూగు. పక్క కార్ఖానా నుంచి గాలికొచ్చి, తేమకు అంటుకొని, ఏళ్ళ తరబడి పేరుకొని, చాదర్ అంచులా మెత్తగా గట్టిపడింది. అగ్గిపుల్లతో గీకి, గోరువెచ్చటి సబ్బునీళ్ళలో పాత టవల్ ముక్క ముంచి తుడిచాం. మళ్ళీ నోటు పెట్టి మూశాడు.

ఈసారి లాగితే రాలేదు. గట్టిగా లాగితే చిరుగుతుందని వదిలేశాం.